ఎర్ర నాబ్ గడియారం: ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున్నే ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి వెళ్లింది పాత రేడియోకి నాబ్‌లు దొరుకుతాయేమోనని. నాబ్‌లు దొరకలేదు. రెండు విమానం గడియారాలు పట్టుకుని ఇంటికొచ్చాను.

మొదటిది రష్యన్‌ది. నల్ల డయల్, పెద్ద అంకెలు, పైనొకటీ కిందొకటీ రెండు బుల్లి డయళ్లు. కింది మూలల్లో రెండు నాబ్‌లు, అందులో ఎడమది ఎర్రది. చేతిలోకి తీసుకుంటే అరకిలో పైనే ఉంది. "అన్నా, ఇది మిగ్-21ది. మొన్న టీవీల చూపెట్టిండ్రు గదా, రిటైర్ అయిందని. గదే" అన్నాడు, నేల మీద దుప్పటి పరిచి అమ్మేవాడు.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963లో మన వైమానిక దళంలో చేరిన విమానం, 62 ఏళ్లు ఎగిరింది. ఆ వార్త వచ్చినప్పటి నుంచీ బజార్లో రష్యన్ అక్షరాలున్న ప్రతి ఇనప ముక్కా మిగ్-21దే అయి కూర్చుంది. అదే దుప్పటి మీద ఒక ప్రెషర్ గేజ్ కూడా ఉంది. దాన్నీ మిగ్‌దే అన్నాడు. నాకైతే ఏదో బాయిలర్‌ది లాగే కనిపించింది.

రష్యన్ గడియారం బేరం ఎనిమిది వేల నుంచి మొదలై ఆరున్నర వేల దగ్గర తెగింది. రెండోది వాల్థం అనే అమెరికన్ కంపెనీది, డయల్ మీద 8 రోజులని రాసుంది. ఒకసారి చావి ఇస్తే వారం పైన నడుస్తుందన్నమాట. "డకోటాది అన్నా, రెండో ప్రపంచ యుద్ధంది." డకోటా అంటే అప్పటి రవాణా విమానం. మూడు వేలు. అంకెల మీద పూసిన రంగు ముదురు గోధుమ రంగుకి తిరిగి, అక్కడక్కడా పెచ్చులు లేచింది. కొనేటప్పుడు దాని సంగతి పట్టించుకోలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే గుర్తొచ్చింది. రేడియం! చీకట్లో మెరవాలని అప్పట్లో అంకెల మీది రంగులో కలిపిన రేడియోధార్మిక పదార్థం.

ఇంటికి రాగానే వాల్థంని రెండు జిప్ కవర్లలో వేసి బాల్కనీలో పెట్టి, చేతులు కడుక్కున్నాను. అమ్మ చూసి "పామునేమైనా తెచ్చావా?" అంది.

అక్టోబర్ 7

రష్యన్ గడియారం రకం తేలింది. ఏసీహెచ్ఎస్-1. చెల్యాబిన్స్క్‌లో మల్నియా ఫ్యాక్టరీ సరుకు. మల్నియా అంటే మెరుపు. ఆ ఫ్యాక్టరీ 1947లో మొదలైంది. 2013లో ఉల్క పేలి కిటికీ అద్దాలన్నీ పగిలిపోయాయని వార్తల్లో చూశామే, ఆ ఊరే. మిగ్-21 కాక్‌పిట్‌లో ఈ రకం గడియారం ఉండేదన్న మాట నిజమే. కానీ ఎంఐ-8 హెలికాప్టర్‌లోనూ ఉండేది, ఇంకా బోలెడు సోవియట్ విమానాల్లోనూ ఉండేది. కాబట్టి దుప్పటి మీది మనిషి చెప్పిన దాంట్లో సగం నిజం ఉండొచ్చు.

ఇందులో నిజానికి మూడు గడియారాలున్నాయి. పెద్ద డయల్ మామూలు టైం. పై బుల్లి డయల్ మీద 'వ్రేమ్యా పొల్యోతా' అని ఉంది, అంటే ఎగిరిన సమయం. కిందిది స్టాప్‌వాచ్. టేకాఫ్ అప్పుడు పైలట్ ఎర్ర నాబ్ నొక్కుతాడు, పై డయల్ నడవడం మొదలవుతుంది. పక్కనే చిన్న కిటికీలో ఎర్ర రంగు కనిపిస్తుంది. దిగాక మళ్లీ నొక్కితే ఆగుతుంది, కిటికీలో సగం ఎరుపు, సగం తెలుపు. మూడోసారి నొక్కితే ముళ్లు సున్నాకి వచ్చి, కిటికీ మొత్తం తెల్లబడుతుంది. గంటకి ఎన్నో డయళ్లు చూసే మనిషికి ఈ ముల్లు నడుస్తోందా ఆగిందా అని పరీక్షగా చూసే తీరిక ఉండదు. రంగు చూస్తే చాలు. ఎవరు ఆలోచించారో గానీ వాళ్లకి దండం పెట్టాలి.

నా దాంట్లో కిటికీ సగం ఎరుపు, సగం తెలుపు దగ్గర బిగుసుకుపోయింది. పై డయల్ ముళ్లు రెండు గంటల పదిహేడు నిమిషాల దగ్గర ఆగాయి. అంటే ఎవరో నొక్కి ఆపారు, ఆ తర్వాత సున్నా చేయలేదు. లేదా చేయబోతే అది కదల్లేదు.

చావి ఇద్దామని ఎర్ర నాబ్‌ని కుడివైపు తిప్పాను. తిరగలేదు. ఇంకొంచెం బలం పెట్టాను. అప్పటికి బుద్ధొచ్చి చదివితే తెలిసింది, దీనికి చావి ఎడమవైపు తిప్పి ఇవ్వాలి. నా అదృష్టం, ఏమీ విరగలేదు. ఎడమవైపు నాలుగు చుట్లు తిప్పగానే టిక్ టిక్‌మంది. అరగంట నడిచి ఆగింది.

అక్టోబర్ 12, ఆదివారం

రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ దొరికింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే స్నేహితుడు పట్టుకొచ్చాడు. "బావా, నీ ఇంట్లో గ్రానైట్ ప్లాట్‌ఫామే ముందు కొలుద్దాం" అని వంటగదిలోకి వెళ్లాడు. గ్రానైట్‌లోనూ కాస్త రేడియేషన్ ఉంటుంది. హైదరాబాద్ రాళ్ల ఊరు కదా, ఇక్కడ ఊరికే ఉన్నా కౌంటర్ కొంచెం ఎక్కువే అరుస్తుంది. హాల్లో గంటకి 0.2 మైక్రోసీవర్ట్ చూపించింది.

రష్యన్ దాని అద్దం మీద పెడితే అదే 0.2. ఇంకో రెండు నిమిషాలు పెట్టి చూశాం, మార్పు లేదు. అంటే నా దాని అంకెల మీది పూత రేడియం కాదు. ఈ రకంలో అన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకండి. పాతవాటిలో రేడియం ఉన్నవీ ఉన్నాయి, విప్పే ముందు ఎవరిది వాళ్లు కొలుచుకోవాల్సిందే.

వాల్థం కవర్ దగ్గరికి పోనీకుండానే కౌంటర్ చిటపటలాడింది. అద్దానికి ఆనిస్తే 6 దాటింది. జానెడు దూరం జరిపితే బాగా పడిపోయింది, రెండడుగుల్లో మామూలు లెక్కకి వచ్చేసింది. గోడకి తగిలించి దూరం నుంచి చూసుకుంటే దాంతో పెద్ద ప్రమాదం లేదు. అసలు గండం విప్పితేనే. ఆ పెచ్చులు పొడై గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే అంత తేలిగ్గా బయటికి రావు. 1920ల్లో అమెరికాలో న్యూజెర్సీలో డయళ్లకి రంగులు వేసిన అమ్మాయిలు కుంచె మొనని పెదాలతో సన్నం చేసుకునేవాళ్లు. అలా రేడియం ఒంట్లోకి పోయి, దవడ ఎముకలు కుళ్లిపోయి ఎందరో చనిపోయారు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చీకట్లో మెరవట్లేదు కాబట్టి రేడియం అయిపోయిందనుకుంటారు. మెరిసేది రేడియం కాదు, దాంతో కలిపిన జింక్ సల్ఫైడ్. అది కొన్నేళ్లకే అరిగిపోతుంది. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. యుద్ధకాలం నుంచి ఇప్పటికి ఎనభై ఏళ్లే కదా, అందులో తగ్గింది నూటికి నాలుగు పాళ్లు కూడా లేదు.

వాల్థంని విప్పను. నిర్ణయం అయిపోయింది. స్టీలు డబ్బాలో, బాల్కనీ బీరువాలో పైఅర. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'తెరవొద్దు' అని రాశాను. నెలకోసారి బీరువా తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి, రేడియం నుంచి రాడాన్ వాయువు వస్తుంటుంది. డకోటా ముచ్చట మాత్రం నన్ను వదలడం లేదు. 1947 అక్టోబర్ 27న మన సైన్యాన్ని శ్రీనగర్‌లో దింపినవి డకోటాలే. అయితే ఈ గడియారం అందులో ఒకదానిది అనడానికి నా దగ్గర ఉన్న రుజువు ఒక దుప్పటి వ్యాపారి మాట. దాన్ని రుజువు అనలేం.

అక్టోబర్ 19, ఆదివారం

రేపు దీపావళి. ఇల్లంతా దులుపుతున్నారు, నాకు డైనింగ్ టేబుల్ ఖాళీ దొరికింది. ఈ రోజు రష్యన్ దాన్ని విప్పాను.

నాబ్‌ల పక్కనున్న బుల్లి స్క్రూలు వదులు చేస్తే నాబ్‌లు ఊడొచ్చాయి. వెనక డొప్ప తీశాను. గడియారం వెనక కరెంట్ ప్లగ్ ఎందుకుందా అని మొదటిరోజు నుంచీ అనుకుంటున్నాను. చావితో నడిచేదానికి కరెంటెందుకు? లోపల చూస్తే హీటర్ తీగ. 27 వోల్టులది. పైన ఆకాశంలో చలికి గడియారంలో నూనె గడ్డకట్టి పళ్లు తిరగవు, అందుకని గడియారానికి రగ్గు కప్పారు. హైదరాబాద్‌లో దీనికి పని లేదు, వైర్లు టేపు చుట్టి వదిలేస్తాను.

తర్వాత చేసింది తప్పు. స్ప్రింగ్‌లో మిగిలిన చావిని పూర్తిగా వదిలించకుండా చక్రాలని ఒక్కో పన్ను చొప్పున వదిలే ప్యాలెట్ ఫోర్క్ మీది బ్రిడ్జి (దాన్ని పట్టి ఉంచే ముక్క) ఎత్తాను. ఒక్కసారిగా చక్రాలన్నీ గిర్రున తిరిగాయి, కందిరీగ చెవిలో దూరినట్టు చప్పుడు. రెండు సెకన్లు. ఆగిపోయింది. నాకు చెమటలు పట్టాయి. భూతద్దం పెట్టుకుని ప్రతి పన్నూ చూశాను, విరిగినట్టు లేదు. కానీ నాకంత నమ్మకం లేదు.

అన్నీ ఒక టిఫిన్ డబ్బాలో సర్ది మూత పెట్టాను. ఇక నా చేత కాదు.

నవంబర్ 1, శనివారం

సుల్తాన్ బజార్‌లో గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగడుగుల బంకు, వెనక గోడంతా హెచ్ఎంటీ డయళ్లు. నలభై ఏళ్లకి పైగా అదే బంకులో కూర్చుంటున్నాడు. టిఫిన్ డబ్బా తెరిచి చూసి రెండు నిమిషాలు మాట్లాడలేదు.

"చావి వదలకుండ తీసినవ్ కదా?"

"ఎలా తెలిసింది చాచా?"

"నీ మొకం చూస్తే తెల్వదా బేటా. చేతికి కట్టుకునే గడియారమైతే నేను ఇప్పుడే తిట్టేటోణ్ని. దీంట్ల పళ్లు లావున్నయ్, బతికింది."

చాచా ముందు చూపించింది ఆ సున్నా చేసే ఏర్పాటు. ముల్లు ఇరుసు మీద గుండె ఆకారంలో ఒక చిన్న బిళ్ల ఉంటుంది. నాబ్ నొక్కితే ఒక సుత్తి వచ్చి ఆ బిళ్ల అంచుని కొడుతుంది. ముల్లు ఎక్కడున్నా సరే, ఆ గుండె ఏటవాలు మీద సుత్తి జారుకుంటూ పోయి, దాని గుంటలో కూర్చునేసరికి ముల్లు సరిగ్గా సున్నా మీదికి వస్తుంది. లెక్కలూ అవీ ఏమీ లేవు, ఆకారమే పని చేసి పెడుతుంది. ఆడాల్ఫ్ నికోల్ అనే ఆయన 1844లో పేటెంట్ తీసుకున్న ఉపాయం ఇది. చావితో నడిచే స్టాప్‌వాచ్‌లు దాదాపు అన్నిటిలోనూ ఇదే.

నా దాంట్లో సుత్తి ఇరుసు దగ్గర నూనె ఎండి, బెల్లంపాకంలా గట్టిపడింది. సుత్తి సగం దూరం వచ్చి ఆగిపోతోంది. చాచా అగ్గిపుల్లని బ్లేడుతో సన్నగా చెక్కి, పెట్రోల్‌లో ముంచి, ఆ ఇరుసు చుట్టూ తిప్పాడు. పుల్ల చివర నల్లటి జిగురు. మళ్లీ చెక్కాడు, మళ్లీ తిప్పాడు. ఐదోసారికి పుల్ల తెల్లగా వచ్చింది. అప్పుడు నన్ను నొక్కమన్నాడు.

నొక్కాను. టక్‌మని సుత్తి పడింది. రెండు గంటల పదిహేడు నిమిషాలు పోయి సున్నా వచ్చింది. కిటికీ తెల్లబడింది.

నొక్కాకగానీ గుర్తు రాలేదు, ముందు ఫోటో తీసుకోవాల్సింది. ఆ రెండు గంటల పదిహేడు నిమిషాలు బహుశా ఏ మెకానిక్కో బల్ల మీద పరీక్షించినవే అయ్యుంటాయి. లేదా కాకపోవచ్చు. ఇప్పుడు ఈ డైరీలో తప్ప ఇంకెక్కడా లేవు.

మిగతా కడుగుడు, నూనె పని చాచాకే వదిలేశాను. పన్నెండు వందలు అడిగాడు. బేరం ఆడలేదు.

నవంబర్ 9, ఆదివారం

గడియారం ఇంకా చాచా దగ్గరే. ఈలోపు ఇది అక్కడ కాక్‌పిట్‌లో ఏం చేసేదో లెక్క కట్టి చూశాను.

గంటకి 720 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికి 12 కిలోమీటర్లు, సెకనుకి 200 మీటర్లు. జీపీఎస్ లేని రోజుల్లో ఫలానా దిక్కున ఇన్ని నిమిషాలు పోతే నది వస్తుంది, అక్కడి నుంచి తిరిగి ఇన్ని నిమిషాలు పోతే రైల్వే లైను వస్తుంది, ఇలాగే వెళ్లేవాళ్లు. గడియారం ఐదు సెకన్లు తప్పితే కిలోమీటరు తప్పినట్టే. మబ్బులో మలుపు తిరగడానికి కూడా స్టాప్‌వాచే. సెకనుకి 3 డిగ్రీల చొప్పున తిరిగితే పూర్తి చుట్టుకి 2 నిమిషాలు, వెనక్కి మళ్లడానికి ఒకటి.

మా అల్వాల్ ఇంటి మీదుగా హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ కిరణ్ శిక్షణ విమానాలు పోతుండేవి చిన్నప్పుడు. చప్పుడు వినగానే మేడ మీదికి పరిగెత్తేవాళ్లం. ఆ లోపల ఒక మనిషి బొటనవేలితో గడియారం నొక్కి అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉండి ఉంటాడని అప్పట్లో ఊహకి రాలేదు. పైలట్ అంటే కర్ర పట్టుకుని నడిపేవాడనే అనుకున్నాం.

నవంబర్ 22, శనివారం

గడియారం తిరిగొచ్చింది. రెండు రోజులు బాగా నడిచింది, మూడో రోజు నుంచి పిచ్చెక్కినట్టు ముందుకు పరిగెడుతోంది. రోజుకి నాలుగు నిమిషాలు. చాచా మీద అనుమానం కూడా వచ్చింది, తప్పు ఒప్పుకుంటున్నాను.

ఫోన్ చేశాను. అటునుంచి ఒకటే ప్రశ్న: "ఏడ పెట్టినవ్ దాన్ని?"

హాల్లో, పెద్ద స్పీకర్ మీద. అక్కడైతే అందంగా ఉందని.

స్పీకర్‌లో అరచేతంత అయస్కాంతం. గడియారంలో హెయిర్‌స్ప్రింగ్ అనే సన్నటి ఉక్కు తీగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. తీగ పొట్టిదైనట్టు లెక్క, గడియారం పరిగెడుతుంది. మళ్లీ సుల్తాన్ బజార్. చాచా ఒక చిన్న దిక్సూచి తీసి గడియారం పక్కన తిప్పాడు. దిక్సూచి ముల్లు నా గడియారం వైపు కుక్కపిల్లలా తల తిప్పింది. అయస్కాంతాన్ని వదిలించే నీలం రంగు డీమాగ్నెటైజర్ మీద పెట్టి బటన్ నొక్కి, మెల్లగా పైకెత్తాడు. రెండుసార్లు. దిక్సూచి ఇక కదల్లేదు. డబ్బులు తీసుకోలేదు. "స్పీకర్ అమ్మెయ్" అన్నాడు, అంతే.

డిసెంబర్ 6, శనివారం

రెండు వారాల లెక్క: రోజుకి పది నుంచి పద్నాలుగు సెకన్లు వెనక. ఇంట్లో పెట్టుకోవడానికి ఇది బంగారం. ఇంకా సరిచేయొచ్చు అన్నాడు చాచా, నేనే వద్దన్నాను. రోజూ పొద్దున రేడియోలో టైం చెప్పే 'పిప్ పిప్' చప్పుళ్లు (పిప్పులు) మోగేటప్పుడు సరిచేసుకోవడం అలవాటైంది. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే కుడి నాబ్ కుడివైపు తిప్పితే గడియారం మొత్తం ఆగుతుంది. ఎర్ర నాబ్ బయటికి లాగి నిమిషం సరిచేసి లోపలికి నొక్కి, ఆఖరి పిప్పు దగ్గర కుడి నాబ్ ఎడమవైపు తిప్పితే మళ్లీ నడుస్తుంది. మొదటి వారం పిప్పు అందక రెండుసార్లు తప్పాను. ఇప్పుడు వేళ్లకి వచ్చేసింది.

ఈ రోజు తలపెట్టింది బయటి శుభ్రం. ముందువైపు అయిపోయాక తిప్పి, ప్యానెల్‌కి బిగించే చెవుల వెనక చూశాను. స్క్రూ రంధ్రాల చుట్టూ ఏదో మురికి. దూది పెట్రోల్‌లో ముంచి ఒక రంధ్రం తుడిచాను. దూదికి నల్లగా ఏమీ అంటలేదు. నీలాకుపచ్చ రంగు అంటింది.

దూది పక్కన పడేసి భూతద్దం తీశాను. మిగిలిన రంధ్రాల చుట్టూ సన్నటి రింగులా పెయింట్ అతుక్కుని ఉంది. నెమలి మెడకి పాలు కలిపితే వచ్చేలాంటి రంగు. చాలా సోవియట్ కాక్‌పిట్‌ల లోపల అలాంటి రంగే వేసేవాళ్లు, ఫోటోల్లో ఎక్కడ చూసినా తెలిసిపోతుంది. కళ్లు అలసిపోకుండా ఉంటాయని వేశారంటారు.

బజార్లో ఈ రకం గడియారాలు చాలావాటికి పెట్టె, గడియారం వివరాలుండే రష్యన్ 'పాస్‌పోర్ట్' కాగితం కూడా వస్తాయి. అంటే గోదాములో నిద్రపోయినవి, ఎప్పుడూ ఎగరనివి. వాటి చెవులు అద్దంలా ఉంటాయి. నా దానికి పెట్టె లేదు, కాగితం లేదు, చెవుల మీద స్క్రూడ్రైవర్ జారిన గీతలున్నాయి. ఇప్పుడు ఈ రంగు. ఇది ఒక ప్యానెల్‌కి బిగించి ఉండింది, ఏళ్ల తరబడి. అక్కడి నుంచి ఎవరో కొంచెం కోపంగానే ఊడబీకారు.

ఒక రంధ్రం రంగు నేనే తుడిచేశాను. ఆ దూదిని చిన్న కవర్లో వేసి దాచాను. ఎందుకో తెలీదు.

డిసెంబర్ 14, ఆదివారం

ఎర్రగడ్డలో మళ్లీ అదే మనిషి కనిపించాడు. గడియారం నడుస్తోందని చెబితే నమ్మలేదు, ఫోన్‌లో వీడియో చూపించాను. "అన్నా, మిగ్-21ది అని ఒక కాయితం రాసియ్యి, పదిహేను వేలకి అమ్మిపెడత" అన్నాడు. నీ దగ్గర కొన్నప్పుడు నువ్వెందుకు రాసివ్వలేదన్నాను. నవ్వాడు.

మిగ్-21దే అయ్యుండొచ్చు. ఎంఐ-8ది కావొచ్చు, ఆంటొనోవ్ రవాణా విమానంది కావొచ్చు. రంగు ఒకటే, రంధ్రాలు ఒకటే.

సాయంత్రం టేకు చెక్కతో చిన్న పీట చేశాను, కొంచెం వెనక్కి వాల్చి, రెండు నాబ్‌లూ నొక్కడానికి వీలుగా. స్పీకర్‌కి ఆరడుగుల దూరంలో పుస్తకాల షెల్ఫ్ మీద పెట్టాను. పీట అడుగున కాగితం అంటించాను. అమ్మ ప్రతి శుక్రవారం తడిగుడ్డ పట్టుకుని వస్తుంది కాబట్టి ఆఖరి ముక్క ఆవిడ కోసం, పెద్ద అక్షరాలతో.

"ఏసీహెచ్ఎస్-1, మల్నియా ఫ్యాక్టరీ, చెల్యాబిన్స్క్. ఏదో సోవియట్ విమానం కాక్‌పిట్‌లోది, ఏ విమానమో తెలీదు. కొన్నప్పుడు పై డయల్‌లో 2 గంటల 17 నిమిషాలు. చావి ఎడమవైపు. వెనక నీలం రంగు మురికి కాదు, తుడవొద్దు."